చిరివేరు ఎరుపు ఎవరి సొత్తు?

మచిలీపట్నంలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి రిటైరైన సుబ్బారావుగారు, హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ పరిశోధన విభాగంలో పనిచేసే ఆయన మేనకోడలు పద్మజ. వ్యాపార రహస్యాల రక్షణకు ప్రత్యేక చట్టం కావాలని 2024 మార్చిలో లా కమిషన్ ఇచ్చిన 289వ నివేదిక మీద వాళ్లిద్దరికీ నడిచిన వాదం ఇది.

పద్మజ: ఆ చట్టం రావాల్సిందే మామయ్యా. ఇప్పటికే ఆలస్యమైంది. ఒక మందుకు తయారీ పద్ధతి కుదర్చడమంటే ఎంత పనో మీకు చెప్పాలా? ఏ సాల్వెంట్‌లో యీల్డ్ పెరుగుతుంది, ఎంత వేడి దాటితే ఇంప్యూరిటీ పుడుతుంది, ఎంత నిదానంగా చల్లారిస్తే స్ఫటికం సరిగ్గా కడుతుంది, ఇవన్నీ ఎన్నో బ్యాచ్‌లు పాడైతే గానీ తెలియవు. మా దగ్గర ఒకాయన రాజీనామా ఇచ్చి వెళ్తూ బ్యాచ్ రికార్డులు కాపీ చేసుకుపోయాడు. కొన్నాళ్లకే మరో కంపెనీ అచ్చం మా పద్ధతిలోనే ఆ సరుకు తీసింది. మేం పడ్డ కష్టమంతా వాళ్లకు ఊరికే దక్కింది. ఇది దొంగతనం కాక మరేమిటి?

సుబ్బారావు: కాగితాలు ఎత్తుకుపోవడం దొంగతనమే, కాదనను. అయితే మీరు అడుగుతున్న చట్టం కాగితాల దగ్గర ఆగదమ్మా. ఆ మనిషి బుర్రలోకి కూడా చెయ్యి పెడుతుంది. నా పేచీ అక్కడ. మీ హైదరాబాద్ మందుల పరిశ్రమ ఎలా పుట్టిందో చూడు. సోవియట్ సాయంతో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంత యూనిట్లు పెట్టుకున్నారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డిగారు కూడా ఐడీపీఎల్‌లో చేసినాయనే. ఒకచోట నేర్చింది మరోచోట వాడకూడదన్న చట్టం ఆనాడే ఉంటే ఆ ఊళ్లో అన్ని ఫ్యాక్టరీలు లేచేవా?

పద్మజ: మీరు రెండింటిని ఒకే గాటన కడుతున్నారు. 1970 పేటెంట్ల చట్టం మందుల విషయంలో పదార్థం మీద పేటెంటు ఇవ్వలేదు, తయారీ పద్ధతి మీదే ఇచ్చింది. అదే మందును మరో దారిలో తయారు చేసుకోవచ్చని చట్టమే చెప్పింది. 2005లో పదార్థానికి కూడా పేటెంటు వచ్చేదాకా మనవాళ్లు చేసింది అదే. బజార్లో దొరికే మాత్ర కొని, విశ్లేషించి, సొంత బుర్రతో కొత్త దారి కనిపెట్టారు. ఎవరి గోడా దూకలేదు, ఎవరి బీరువా పగలగొట్టలేదు. సరుకును విప్పి చూసి నేర్చుకుంటే అది చదువు. అవతలివాడి నోట్‌బుక్ తెరిచి ఎక్కించుకుంటే అది కాపీ. నేను అడిగేది ఈ రెంటి మధ్య గీత గీయమని మాత్రమే.

సుబ్బారావు: గీత బాగానే ఉంది. కానీ చరిత్రలో ఆ గీత ఎప్పుడూ పైకెక్కినవాడే గీశాడు, అదీ ఎక్కేశాక. ఇంగ్లండ్‌నే తీసుకో. పట్టు నూలు పేనే యంత్రాలు ఇటలీలో పీడ్‌మాంట్ వాళ్ల దగ్గర ఉండేవి. జాన్ లోమ్ అనే ఇంగ్లీషువాడు అక్కడికి వెళ్లి ఆ యంత్రాల ఆనుపానులు తెలుసుకొని వచ్చాడు. 1718లో అతని అన్న థామస్ పేరిట ఇంగ్లండ్‌లో పేటెంటు వచ్చింది. డెర్బీలో నది ఒడ్డున మిల్లు లేచింది. పక్క దేశం నుంచి తెచ్చుకున్నదానికి వాళ్ల రాజ్యం ముద్ర వేసి హక్కు ఇచ్చింది. ఆ మరుసటి ఏడే, 1719లో, తమ పనివాళ్లు విదేశాలకు వలస పోవడం నేరమని అదే పార్లమెంటు చట్టం చేసింది. 1774లో నేత పనిముట్లు దేశం దాటించడం నేరమంది.

పద్మజ: లోమ్ కథలో మీరు వదిలేసిన భాగం ఒకటుంది. 1732లో ఆ పేటెంటు గడువు పెంచమని అడిగితే పార్లమెంటు ఒప్పుకోలేదు. దానికి బదులు 14,000 పౌన్ల బహుమానం ఇచ్చి, యంత్రం నమూనా చేయించి అందరికీ తెలిసేలా పెట్టమంది. అంటే కనిపెట్టినవాడికి, తెచ్చినవాడికి కొంత ముట్టజెప్పి, తర్వాత విద్యను జనానికి వదిలేశారు. నేను కోరేదీ అలాంటి బేరమే.

సుబ్బారావు: పేటెంటు అంటే ఆ బేరమే. పద్ధతి బయటపెట్టు, ఇరవై ఏళ్లు నీకు హక్కు, ఆ తర్వాత అది అందరిదీ. రహస్యంలో బేరమేదీ? బయటపెట్టేది లేదు, గడువూ లేదు. పేటెంటు పొందే దారి ఉండి కూడా దాచుకోవడానికే మొగ్గేవాళ్లకు చట్టం కాపలా ఎందుకు కాయాలి?

పద్మజ: అన్నిటికీ పేటెంటు రాదు మామయ్యా. మేం రియాక్టర్ దగ్గర నేర్చుకునే చిన్నచిన్న మెలకువల్లో చాలావాటికి పేటెంటు కార్యాలయం కొత్తదనం ఒప్పుకోదు. అయినా సరుకు నాణ్యత, ధర నిలిచేది వాటిమీదే. వాటికి రక్షణ లేకపోతే కంపెనీలు ఏం చేస్తాయో తెలుసా? పనివాడిని నమ్మడం మానేస్తాయి. ఒక అంచె చేసేవాడికి తర్వాతి అంచె తెలియనివ్వవు. చట్టం లేనిచోట గోడలు లేస్తాయి.

సుబ్బారావు: చట్టం ఉన్నచోట కూడా లేచాయమ్మా, ఇంకా ఎత్తుగా లేచాయి. వెనిస్ వాళ్లు 1291లో గాజు కొలుముల్ని మురానో దీవికి తరలించారు. నిప్పు భయమని చెప్పినా, పనివాళ్ల మీద కన్నేసి ఉంచడానికి ఆ దీవి బాగా పనికొచ్చింది. అనుమతి లేకుండా దేశం దాటితే శిక్ష. 1665లో ఫ్రెంచి మంత్రి కోల్బేర్ కొందరు అద్దాల పనివాళ్లను డబ్బాశ చూపి పారిస్‌కు రప్పించుకున్నాడు. సాక్సనీలో ఇంకా ఘోరం. బోట్గర్ అనే కుర్రాడు బంగారం చేస్తానన్నాడని రాజు అగస్టస్ పట్టించి నిర్బంధంలో పెట్టాడు. ఆ నిర్బంధంలోనే అతను చైనా పింగాణీ గుట్టు విప్పాడు. 1710లో మైసెన్ కోటలో కార్ఖానా మొదలైంది. గుట్టు తెలిసిన పాపానికి ఆ తర్వాత కూడా అతనికి చాలాకాలం స్వేచ్ఛ లేదు. ఇంతా చేస్తే పదేళ్లు గడవకముందే మైసెన్ పనివాళ్లు వియన్నాకు వెళ్లి అక్కడ పింగాణీ తీశారు. కాపలా రహస్యాన్ని ఆపలేకపోయింది. మనిషిని మాత్రం ఖైదీని చేసింది.

పద్మజ: మనిషిని బంధించమని నేనూ అనను. మన దేశంలో అది కుదరదు కూడా. 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న ఒప్పందం చెల్లదు. ఆ సెక్షన్ అలాగే ఉండాలి. నా గొడవ మనిషి వెళ్లడం గురించి కాదు, అతను పట్టుకెళ్లిన కాగితాల గురించి.

సుబ్బారావు: మరి కాగితం ముక్క లేకుండా వెళ్లినవాడిని ఏమంటావు? శామ్యూల్ స్లేటర్. డెర్బీషైర్‌లో ఆర్క్‌రైట్ యంత్రాలు నడిచే నూలు మిల్లులో అప్రెంటిస్‌గా పెరిగాడు. 1789లో, 21 ఏళ్ల వయసులో ఓడెక్కాడు. తన వృత్తి ఏమిటో ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే చెబితే ఆపేస్తారు. బొమ్మ గాని, కొలత గాని రాసుకోలేదు. అంతా తలలోనే. 1790 చివరికల్లా రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌లో నీటి బలంతో నూలు వడికించాడు. సొంతూరివాళ్లు ద్రోహి అన్నారు, అమెరికావాళ్లు తమ పరిశ్రమకు తండ్రి అన్నారు. తర్వాత 1810లో ఫ్రాన్సిస్ కాబట్ లొవెల్ అనే బోస్టన్ వర్తకుడు ఇంగ్లండ్ వెళ్లి మరమగ్గాలు చూసి వచ్చాడు. చూసింది జ్ఞాపకం పెట్టుకొని, పాల్ మూడీ అనే మెకానిక్ సాయంతో వాల్థమ్‌లో మగ్గం కట్టించాడు. ఇవాళ వ్యాపార రహస్యాల గురించి ప్రపంచానికి పాఠాలు చెబుతున్న దేశం తొలి అడుగులు అలా వేసింది. 1996లో పారిశ్రామిక గూఢచర్యం మీద కఠినమైన చట్టం చేసింది కూడా ఆ దేశమే.

పద్మజ: స్లేటర్ విషయంలో మీతో సగం ఏకీభవిస్తాను. అతని చేతికొచ్చిన పని అతనిదే. దేశం దాటొద్దన్న చట్టం అన్యాయం. ఇంగ్లండే 1824లో పనివాళ్ల మీద ఆ నిషేధం ఎత్తేసింది, 1843లో యంత్రాల ఎగుమతి మీదా ఎత్తేసింది. కానీ మామయ్యా, మీరు చెప్పే కథలన్నీ గెలిచినవాళ్లవి. స్లేటర్ తీసుకున్నది అప్పటికి లోకంలో బలమైన దేశం నుంచి. బలవంతుడి దగ్గర తీసుకుంటే అతనికి పెద్దగా పోయేదేమీ లేదు. బలహీనుడి దగ్గర తీసుకుంటే? దానికి దూరం పోనక్కర్లేదు. మీరుంటున్న ఈ మచిలీపట్నం, మన బందరు సంగతే చెప్పండి.

సుబ్బారావు: కలంకారీ గురించా?

పద్మజ: అవును. 17, 18 శతాబ్దాల్లో కోరమాండల్ అద్దకాలంటే యూరప్ ఎగబడింది. రంగు మెరుపు ఒక్కటే కాదు, ఉతికినా పోని రంగు. అది వాళ్లకు చేతకాని పని. ఆ పని లోపలి కెమిస్ట్రీ చూడండి. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు, ప్రొటీన్ వల్ల ద్రవం బట్టమీద పాకిపోదు. కలం గీసిన గీత గీతలాగే నిలుస్తుంది. నల్లటి గీతలకు ఇనుప తుప్పును బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రవం. ఎరుపు రావాల్సినచోట పటిక నీళ్లు. ఆ తర్వాత చిరివేరు కషాయంలో బట్టంతా ఉడికిస్తే పటిక పడ్డచోటే ఎరుపు కరుచుకుంటుంది, మిగతాచోట పేడనీళ్లకు, ఎండకు, ఉతుకుకు పోతుంది. నీలం వేసేటప్పుడు రంగు అంటకూడని చోటల్లా మైనం పూస్తారు. పటిక లోహం రంగును నూలుకు కట్టిపడేస్తుందన్న సంగతి వాళ్లు సూత్రంగా రాయలేదు, చేసి చూపించారు. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు ఎరుపుకు పెట్టింది పేరు. ఈ విద్య ఎలా దాటిపోయిందో మీకు తెలుసు.

సుబ్బారావు: ఫాదర్ కూర్దూ లేఖ. 1742 జనవరి 18.

పద్మజ: ఆ లేఖే. జెస్యూట్ మతగురువు. తెలుగు నేర్చి, తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతానికీ లాటిన్‌కూ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్‌కు రాసినవాడు. గొప్ప పండితుడే. కానీ అద్దకం గుట్టు ఆయనకు ఎవరు చెప్పారు? కొత్తగా క్రైస్తవంలో చేరిన అద్దకందార్లు. ఒక్కొక్కరినీ విడిగా అడిగి, జవాబులు పోల్చుకొని, అంచెలవారీగా రాశాడు. గురువు అడిగితే శిష్యుడు దాస్తాడా? ఆ లేఖ ఫ్రాన్స్‌లో అచ్చయింది. ఆయనకు ముందే, 1734 ప్రాంతంలో, బోలియు అనే ఫ్రెంచి నౌకాధికారి పాండిచ్చేరిలో అద్దకందారు పక్కన కూర్చొని ప్రతి అంచె ముగియగానే బట్టలోంచి ఓ ముక్క కత్తిరించుకున్నాడు. దు ఫే అనే రసాయన శాస్త్రవేత్త కోసం. ఆ ముక్కలు నేటికీ పారిస్ మ్యూజియంలో ఉన్నాయి. చెప్పిన అద్దకందార్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. మా ల్యాబ్‌లో జరిగినదానికీ దీనికీ తేడా ఏముంది? ఉన్న తేడా ఒక్కటే. మా కంపెనీకి లాయర్లున్నారు, వాళ్లకు లేరు.

సుబ్బారావు: నీ బాధ నాకు అర్థమైంది. కానీ కూర్దూ మీద పెడుతున్న నేరం ఆయన మొయ్యగలిగినదానికంటే పెద్దది. ఆ లేఖ రాకముందే యూరప్‌లో నూలుబట్టల అద్దకం ఉంది. 1670ల్లో మార్సే రేవులో ఆర్మేనియన్ పనివాళ్లు అద్దేవారు. లండన్‌లో విలియం షెర్విన్‌కు 1676లో పేటెంటు వచ్చింది. అక్కడ చిరివేరు లేదు, దాని చుట్టం లాంటి మంజిష్ఠ జాతి వేరు ఉంది. కలం పట్టి గీసే ఓపిక లేక చెక్క అచ్చులు, 1783లో థామస్ బెల్ పేటెంటు పొందిన రాగి రోలరు, వీటితో సాగిపోయారు. ఒక లేఖ వల్ల బందరు మునగలేదమ్మా.

పద్మజ: అయితే దేనివల్ల మునిగింది?

సుబ్బారావు: తలుపు మూసినందువల్ల. ఫ్రాన్స్ 1686లో అద్దకపు బట్టల్ని నిషేధించింది. 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1700లో చేసిన చట్టంతో భారతదేశపు రంగుబట్టల్ని తమ దేశంలో కట్టకూడదంది. 1721లో ఆ కట్టడి ఇంకా బిగించింది. 1774లో సడలించేనాటికి అక్కడి లాంకషైర్ నూలు పరిశ్రమ సొంత కాళ్లమీద నిలబడింది. ఫ్రాన్స్‌లో నిషేధం తొలగిన మరుసటి ఏడే, 1760లో, ఓబర్‌కాంఫ్ జూయీలో అద్దకం కార్ఖానా తెరిచాడు. మన సరుకును బయట ఆపి, వాళ్ల సరుకు ఎదిగేదాకా ఆగి, తర్వాత మన బజారులోనే దాన్ని దించారు. 1868లో జర్మన్లు చిరివేరు ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో చేయడంతో వేరు తవ్వేవాడికి కూడా పని పోయింది. ఇందులో రహస్యం బయటపడటం చిన్న పాత్రే. రాజ్యాధికారం ఎవరి చేతిలో ఉందన్నదే పెద్ద పాత్ర.

పద్మజ: అది చిన్న పాత్ర అని ఎలా అంటారు? మన సరుకు రాకుండా ఆపితే సరిపోదు. తామే చేసుకోవడం తెలియాలి కదా. ఒకవైపు తలుపు మూశారు, మరోవైపు కిటికీలోంచి చూసి నేర్చుకున్నారు. రెండూ కలిస్తేనే పని జరిగింది.

సుబ్బారావు: సరే, రహస్యం బయటపడని పని ఒకటి చెబుతాను. దాని గతి ఏమైందో చూడు. నిజామాబాద్ వైపు కోనసముద్రం. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును మట్టిమూసలో పెట్టి, మూతి మూసి, గంటల తరబడి కాచి, మెల్లగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. డమాస్కస్ కత్తులకు ఇలాంటి ఉక్కే. 1820ల్లో అక్కడికి వెళ్లిన డాక్టర్ వాయిసీకి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు కనిపించాడు. అంత దూరం నుంచి వచ్చి ఎందుకు కొంటున్నారంటే, తమ దేశంలో చేయాలని చూశామనీ కుదరలేదనీ చెప్పాడు. 1790ల్లో ఈ ఉక్కు ముద్దలు లండన్ రాయల్ సొసైటీకి వెళ్లాయి. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819 నుంచి కొన్నేళ్లు దీనిమీద కుస్తీ పట్టాడు. అల్యూమినియం వల్ల ఆ గుణం వచ్చిందనుకొని పొరబడ్డాడు. గుట్టు గుట్టుగానే ఉంది. అయినా కోనసముద్రం కొలుములు ఆరిపోయాయి. విదేశీ ఇనుము చవగ్గా దిగింది, 1856 తర్వాత బెసెమర్ పద్ధతిలో తీసిన ఉక్కు వచ్చింది. కత్తులు కొనే సంస్థానాలూ పోయాయి. అద్దకం గుట్టు బయటపడింది, పని దెబ్బతింది. ఉక్కు గుట్టు బయటపడలేదు, ఆ పని పూర్తిగా పోయింది. మరి రహస్యం ఎవరిని కాపాడినట్టు?

పద్మజ: ఇది గట్టి ప్రశ్నే. ఒప్పుకుంటాను. రహస్యం ఒక్కటే పరిశ్రమను నిలబెట్టలేదు.

సుబ్బారావు: పైగా ఇంకో నష్టం చేసింది. కోనసముద్రం వాళ్లు ఏం చేశారో వాళ్ల మాటల్లో రాసుకున్న పుస్తకం లేదు. చేతి నుంచి చేతికి వెళ్లిన విద్య, చివరి చెయ్యితో ఆగిపోయింది. ఇప్పుడు లోహశాస్త్రజ్ఞులు పాత దిబ్బల్లో దొరికిన చిట్టెం, మూసల పెంకులు పరీక్షించి ఊహించుకోవాల్సి వస్తోంది. చిరివేరు అద్దకం సంగతీ అంతే. 18వ శతాబ్దంలో అది ఏ అంచెలో ఎలా ఉండేదో కళ్లారా చూడాలంటే ఇవాళ మనకు మిగిలిన సాక్ష్యాల్లో బోలియు ముక్కలు ముఖ్యమైనవి. సామర్లకోటలో ఉండి ఇక్కడి మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గ్ 1795లో అచ్చువేసిన కోరమాండల్ మొక్కల పుస్తకంలో చిరివేరు గురించి రాసింది మరొకటి. నీకు కోపం తెప్పించే ఆ రాతలే విద్యను చావనివ్వలేదు.

పద్మజ: రాయడం మీద నాకు కోపం లేదు. చెప్పినవాడి పేరు, వాటా లేకుండా రాయడం మీద ఉంది. రాసిపెట్టడం ఎంత అవసరమో మాకూ తెలుసు. పసుపు గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంటు ఇస్తే, మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. రాత ఉంది కాబట్టి నెగ్గాం. కానీ రాత ఒక్కటే చాలదు. 1876లో హెన్రీ విక్‌హమ్ అమెజాన్ నుంచి 70,000 రబ్బరు గింజలు లండన్‌లోని క్యూ తోటకు పంపాడు. అప్పట్లో వాటి ఎగుమతిని నిషేధించే చట్టం బ్రెజిల్‌లో లేదు. చట్టప్రకారం తప్పే కాదు. ఆ మొలకలు సింహళానికీ మలయాకూ చేరి, నలభై ఏళ్లు తిరక్కముందే బ్రెజిల్ రబ్బరు వ్యాపారం కూలిపోయింది. అక్కడి అడవి మనుషులకు ఏం దక్కింది? తప్పు కాదని చట్టం చెప్పినంత మాత్రాన న్యాయమైపోదు.

సుబ్బారావు: ఇప్పుడు నువ్వు నా దారిలోకి వస్తున్నావు. నువ్వు అడిగే రహస్యాల చట్టం ఆ అద్దకందారును కాపాడేదా? ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో 39వ అధికరణం వ్యాపార రహస్యానికి మూడు లక్షణాలు చెబుతుంది. అది అందరికీ తెలిసినది కాకూడదు. తెలియకపోవడం వల్లే దానికి ధర ఉండాలి. దాన్ని దాచడానికి యజమాని సహేతుకమైన జాగ్రత్తలు తీసుకొని ఉండాలి. మొదటి రెండూ అద్దకందారుకు సరిపోతాయి. మూడో దాని దగ్గర ఓడిపోతాడు. అతనికి తాళం వేసిన గది లేదు, సంతకాలు పెట్టించిన ఒప్పందం లేదు. పెరట్లో, ఏటి ఒడ్డున, అందరూ చూస్తుండగా పని చేశాడు. పెంకుటింటి మనిషికి దక్కని రక్షణ అద్దాల మేడకు మాత్రం దక్కుతుందంటే, అది ఎవరి కోసం రాసిన చట్టం?

పద్మజ: ... ఆ మాట నిజమే. దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. తాళం లేకపోయినా నమ్మకం ఉంటుంది. నమ్మి చెప్పినదాన్ని వాడుకొని లాభపడకూడదన్న నియమం కోర్టులు ఎప్పటి నుంచో పాటిస్తున్నాయి. అద్దకందారు గురువును నమ్మాడు. ఆ నమ్మకాన్ని రక్షించే చట్టం రాయొచ్చు. చూసే పద్ధతిని బట్టి కూడా గీత గీయొచ్చు. 1969లో టెక్సాస్‌లోని బోమాంట్‌లో డూపాంట్ కంపెనీ కడుతున్న ఫ్యాక్టరీకి ఇంకా కప్పు వేయలేదు. ఎవరో మనుషుల్ని పెట్టి విమానంలోంచి ఫొటోలు తీయించారు. ఆకాశం అందరిదీ, దొంగతనమేముంది అన్నారు వాళ్లు. కోర్టు ఒప్పుకోలేదు. సరుకు కొని విప్పి చూసుకో, సొంతంగా పరిశోధించుకో, అవి సరైన దారులు. కప్పు లేని సమయం చూసి పైనుంచి తొంగిచూడటం సరైన దారి కాదంది. ఎంత ఎత్తున గోడ కట్టావని కాకుండా, వచ్చినవాడు ఏ దారిన వచ్చాడని అడిగింది. ఆ తీర్పు అద్దకందారుకు కూడా పనికొస్తుంది.

సుబ్బారావు: దారిని బట్టి తప్పు నిర్ణయించడం నాకు సమ్మతమే. 2006లో కోకకోలా ఉద్యోగి ఒకరు రహస్య పత్రాలు అమ్మజూపితే పెప్సీయే వెళ్లి కోకకోలాకు చెప్పింది. పోటీదారుల మధ్య కూడా మర్యాద ఉంటుందని అది చూపించింది. మోసం, లంచం, నమ్మకద్రోహం, ఈ మూడూ తప్పే. మీ సహోద్యోగి రికార్డులు కాపీ చేయడం కూడా తప్పే. ఇక్కడిదాకా నీతో వస్తాను. నేను ఆగేది ఒక్క చోట. రేపు అతని మీద కేసు పెట్టినప్పుడు, ఏది కాగితంలోది, ఏది అతని చేతిలోది అని ఎవరు తేలుస్తారు? స్ఫటికం కడుతున్నప్పుడు ద్రావణం రంగు చూసి ఇక చల్లార్చాలని అతనికి తెలుస్తుంది. అది మీ కంపెనీ సొత్తా? అతని పదేళ్ల అనుభవమా?

పద్మజ: అది అతనిదే. ఈ మాట మా కంపెనీ లాయరు ఒప్పుకోకపోవచ్చు. నేను ఒప్పుకుంటాను. ఎందుకంటే ఆ చూపు నాకూ ఉంది. రేపు నేను మరోచోటికి వెళ్తే అది నాతోనే వస్తుంది. దాన్ని వదిలేసి వెళ్లమంటే నా చదువును వదిలేసి వెళ్లమన్నట్టే.

సుబ్బారావు: అయితే ఆ సంగతి చట్టంలో రాసి ఉండాలి. జడ్జి దయకు వదిలేస్తే ఖరీదైన లాయరు ఉన్నవాడు గెలుస్తాడు. ఉద్యోగి నేర్చుకున్న నైపుణ్యం రహస్యం కిందికి రాదని స్పష్టంగా ఉండాలి. కల్తీ గాని, విషం గాని, జనానికి హాని చేసేది గాని బయటపెట్టినవాడిని రహస్యం పేరు చెప్పి వేధించకూడదు. లా కమిషన్ కూడా ప్రజాప్రయోజనం కోసం, తప్పులు బయటపెట్టేవాళ్ల కోసం మినహాయింపులు ఉండాలంది. అవి నోటిమాటగా మిగలకూడదు.

పద్మజ: నేను ఒకటి కలుపుతాను. ఊరుమ్మడిగా పెంచుకున్న విద్యకు కూడా రక్షణ ఉండాలి. మొక్కల విషయంలో ఆ పని మొదలైంది. మన జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. వనరు తీసుకున్నవాడు లాభంలో వాటా ఇవ్వాలన్న నగోయా ఒప్పందం 2010లో కుదిరింది. 2012లో అంతర్జాతీయ జీవవైవిధ్య సదస్సు హైదరాబాద్‌లోనే జరిగింది. చేతి విద్యకు అలాంటిది లేదు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ అది పేరును కాపాడుతుంది, పద్ధతిని కాదు. ఎక్కడో స్క్రీన్ ప్రింటింగ్‌లో అవే పువ్వులు వేసి వేరే పేరు పెట్టి అమ్ముకుంటే అడిగేవాడు లేడు.

సుబ్బారావు: పద్ధతిని దాచమంటావా?

పద్మజ: లేదు. రాయాలి. పెడనలోనూ, శ్రీకాళహస్తిలోనూ పనిచేస్తున్నవాళ్లు చెబుతుండగా, వాళ్ల పేరుతో, వాళ్ల భాషలో రాయాలి. దాన్ని వ్యాపారానికి వాడుకునేవాడు వాళ్ల సంఘానికి వాటా కట్టాలి. లోమ్ విషయంలో పార్లమెంటు చేసిన బేరం ఇదే కదా. ముందు కష్టానికి ఖరీదు కట్టి, తర్వాత విద్యను లోకానికి ఇవ్వడం. 14,000 పౌన్లు ఇటలీ పనివాళ్లకు కాక లోమ్‌కు ముట్టాయి, అదొక్కటే అందులో అన్యాయం.

సుబ్బారావు: అది అన్యాయమని ఇంతసేపటికి ఇద్దరం ఒక మాటకు వచ్చాం. ఒకచోట మాత్రం నేను నీతో రాను. రహస్యానికి గడువు ఉండాలి. పేటెంటుకు ఇరవై ఏళ్లయితే రహస్యానికి నూరేళ్లా? ముఖ్యంగా మందుల విషయంలో.

పద్మజ: గడువు పెడితే కంపెనీలు దాచినదాన్ని ఇంకా లోతుగా దాస్తాయని నా భయం. అక్కడ మనకు కుదరదు. కానీ మా సహోద్యోగి మీద కోపంతో అడిగిన చట్టం వేరు, ఇప్పుడు నాకు కావాల్సిన చట్టం వేరు. కంపెనీ రికార్డును ఎత్తుకుపోయేవాడిని శిక్షించాలి, అందులో మార్పు లేదు. ఆ చట్టమే ఉద్యోగి నైపుణ్యం ఉద్యోగిదని రాయాలి, తాళం లేని ఇంట్లో పుట్టిన విద్యకూ యజమాని ఉన్నాడని ఒప్పుకోవాలి. మొదటిది ఒక్కటే రాసి మిగతా రెండూ వదిలేస్తే, అది దొంగతనాన్ని ఆపే చట్టం అనిపించుకోదు. ఇప్పటికే దాచుకున్నవాళ్లకు కాపలా కాసే చట్టం అవుతుంది. అలాంటిదాన్ని నేనూ వ్యతిరేకిస్తాను.